వకాల్తా ఎవరిచ్చారు?

పోయినేడాది ఒక సమావేశానికి వెళ్ళాను. నా ఉద్యోగంతో సంబంధం లేనిది. మా టీంలో పనిచేసే ఒకావిడ కూతురికి సెరిబ్రల్ పాల్సీ. ఆ రోజు ఆవిడ కారు షెడ్డులో ఉండటంతో నన్ను దించమని అడిగింది. దించేసి వచ్చేద్దామనుకున్నాను. "కూర్చో, బహిరంగ సమావేశమే, ఎవరైనా రావచ్చు" అంది. కూర్చున్నాను.

కాలిఫోర్నియాలో డెవలప్‌మెంటల్ డిసెబిలిటీల మీద ఒక రాష్ట్ర కౌన్సిల్ ఉంది. దాని ప్రాంతీయ సలహా కమిటీ సమావేశం అది. ఒక పన్నెండు మంది సభ్యులుంటారు. ప్రతి ఒక్కరి ముందూ మూడు కార్డులు: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఆకుపచ్చ అంటే ఒప్పుకుంటున్నానని. పసుపంటే కాస్త నెమ్మదిగా చెప్పమని. ఎరుపు చూపిస్తే ఆపాలి. నాకు అర్థం కాలేదని.

ఒకాయన స్లైడ్లు వేసి ఏదో నిధుల మార్పు గురించి వివరిస్తున్నాడు. సభ్యుల్లో ఒకతను, నలభై దాటి ఉంటాయి, డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషి, ఎర్ర కార్డు ఎత్తాడు. గది మొత్తం ఆగిపోయింది. అతను మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. పక్కన సహాయకురాలు ఉంది కానీ అందివ్వలేదు, ఎదురుచూసింది. చివరికి అడిగాడు: "ఇది జరిగితే నా బస్సు ఉంటుందా?" స్లైడ్ల ఆయన, దీనికీ బస్సుకీ సంబంధం లేదన్నాడు. అతను మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే జవాబు. మూడోసారీ అడిగాడు. అప్పుడు అధ్యక్షురాలు, "ఆయనకి అర్థమయ్యేలా చెప్పండి" అంది. ఎనిమిది నిమిషాలు పట్టింది. నేను ఫోన్లో టైం చూసుకుంటూనే ఉన్నాను.

ఇలాంటి కథలకి మామూలుగా ఒక మలుపు ఉంటుంది. అందరూ అమాయకుడనుకున్న మనిషి అడిగిన ప్రశ్నే అసలైన ప్రశ్నని, తెలివైనవాళ్ళెవరికీ తట్టనిది అతనికి తట్టిందని తేలుతుంది. ఇక్కడ అలాంటిదేమీ జరగలేదు. ఆ మార్పుకి నిజంగానే బస్సుతో సంబంధం లేదు. ఎనిమిది నిమిషాలు ఖర్చయ్యాయి, అజెండాలో ఆఖరి అంశం వచ్చే నెలకి వాయిదా పడింది. పదిహేను నిమిషాల స్టాండప్ మీటింగు పదహారో నిమిషంలోకి వెళ్తే చిరాకుపడే జాతి మాది. ఇంటికి వస్తూ నాలో నేను గొణుక్కున్నాను: ఏమిటీ తతంగం? ఆ కుర్చీలో అతన్ని కూర్చోబెట్టి ఎవరికేం ఒరిగింది?

ఆ ప్రశ్నతో నేను ఇంకా కుస్తీ పడుతూనే ఉన్నాను. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. దానికంటే ముందు ఈ కౌన్సిళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో కొంచెం చెప్తాను.

*

అమెరికాలో 1963లో కెనెడీ సంతకం చేసిన ఒక చట్టంతో ఈ కథ మొదలవుతుంది. ఆయన చెల్లెలు రోజ్‌మేరీకి మేధోపరమైన వైకల్యం ఉండేది. 1941లో ఆమెకి లోబాటమీ చేయించారు. తర్వాత ఆమె జీవితం ఎక్కువగా సంస్థల్లోనే గడిచింది. ఆ సర్జరీకి నిర్ణయం తీసుకున్నది తండ్రి. 1963 చట్టం ప్రధానంగా కేంద్రాల నిర్మాణానికి సంబంధించింది. 1970లో దాన్ని సవరించినప్పుడు 'డెవలప్‌మెంటల్ డిసెబిలిటీ' అనే మాట చట్టంలోకి వచ్చింది, ప్రతి రాష్ట్రంలోనూ ఒక కౌన్సిల్ ఉండాలన్న ఏర్పాటూ వచ్చింది. ఇప్పుడు రాష్ట్రాలూ టెరిటరీలూ కలిపి అలాంటివి 56 ఉన్నాయి. పాఠశాలలో ఆసుపత్రులో నడపడం వీటి పని కాదు. ప్రభుత్వం నడిపే వ్యవస్థలు ఈ మనుషులకి పనికొచ్చేలా ఉన్నాయా లేదా అని అడగడం, చట్టాల మీద అభిప్రాయం చెప్పడం, వైకల్యం ఉన్నవాళ్ళకీ వాళ్ళ కుటుంబాలకీ అడగడం నేర్పించడం, ఇవీ చేసేది. మరోలా చెప్పాలంటే ప్రభుత్వమే డబ్బిచ్చి తనని ప్రశ్నించేవాళ్ళని నియమించుకోవడం.

అప్పటిదాకా ఈ మనుషులు ఉన్న చోట్లు ఎలాంటివి? న్యూయార్కు నగరంలో స్టేటెన్ ఐలండ్ మీద విల్లోబ్రూక్ అనే ప్రభుత్వ సంస్థ ఉండేది. 4,000 మంది కోసం కట్టినదాంట్లో 1960లలో సుమారు 6,000 మందిని కుక్కారు. 1972లో హెరాల్డో రివేరా అనే టీవీ విలేఖరి లోపలికి కెమెరా తీసుకెళ్ళాడు. బట్టల్లేకుండా, మలమూత్రాల మధ్య, నేల మీద పడివున్న పిల్లల్ని దేశమంతా చూసింది. ఆ సంస్థ మూతపడేసరికి 1987 అయింది.

నేనుండే ఊళ్ళోనే అలాంటి చోటు ఒకటి ఉంది. శాంటా క్లారాలో ఒరాకిల్ వాళ్ళ క్యాంపస్, అంతకుముందు సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళది. పచ్చిక, ఈతచెట్ల లాంటి పెద్ద పెద్ద చెట్లు, ఒక గడియార స్తంభం. అక్కడ ఒక టెక్ కార్యక్రమానికి వెళ్ళి ఆ పచ్చిక మీద కూర్చుని శాండ్‌విచ్ తిన్నాను. అది ఒకప్పటి ఆగ్న్యూస్ ఆసుపత్రి అని చాలా తర్వాత తెలిసింది. 19వ శతాబ్దంలో పిచ్చాసుపత్రిగా మొదలై, తర్వాత డెవలప్‌మెంటల్ డిసెబిలిటీ ఉన్నవాళ్ళ నివాసంగా మారింది. 1906 భూకంపంలో అక్కడి కట్టడాలు కూలి వందమందికి పైగా చనిపోయారు. మిగిలిన ఆవరణ కూడా 2009లో మూతపడింది.

ఇలాంటి పెద్ద సంస్థల్ని మూసేస్తామన్నప్పుడు చాలాచోట్ల అడ్డుపడ్డది ఎవరో తెలుసా? అధికారులే కాదు, తల్లిదండ్రులు కూడా. వాళ్ళేమీ రాక్షసులు కాదు. "మేం పోయాక వీడి గతేంటి, ఇక్కడైతే ఒక కప్పు ఉంది" అన్నది వాళ్ళ భయం. మూసేయమని అడిగినవాళ్ళలో ముందున్నది అక్కడ బతికి బయటపడ్డవాళ్ళు. 1974లో ఆరెగన్ రాష్ట్రంలోని సేలంలో అలాంటివాళ్ళంతా కలిసి పెట్టుకున్న సభ నుంచే 'పీపుల్ ఫస్ట్' ఉద్యమం వచ్చింది. ముందు మేం మనుషులం, తర్వాతే మిగతావి అని దానర్థం.

అంటే, ప్రేమ ఉన్నవాళ్ళ కోరికా, ఆ ప్రేమకి గురైనవాళ్ళ కోరికా ఒకటి కాకపోవచ్చు. ఆ చట్టం 2000లో మళ్ళీ రాసినప్పటి లెక్క చూస్తే ఈ ఎరుక అందులో కనిపిస్తుంది. కౌన్సిల్ సభ్యుల్లో కనీసం 60 శాతం మంది వైకల్యం ఉన్నవాళ్ళో వాళ్ళ కుటుంబీకులో అయివుండాలి. ఆ 60 శాతంలో మూడోవంతు స్వయంగా వైకల్యం ఉన్నవాళ్ళే. ఇంకో మూడోవంతు పిల్లల తల్లిదండ్రులు, సంరక్షకులు, లేదా తమ తరఫున తాము మాట్లాడలేని పెద్దవాళ్ళ దగ్గరి బంధువులు. మిగిలిన వంతు ఇద్దరిలో ఎవరైనా. తల్లిదండ్రుల కుర్చీ వేరు, పిల్లల కుర్చీ వేరు. అమ్మ వచ్చింది కదా, ఇంకా నువ్వెందుకు అనడానికి వీల్లేదు.

అదే చట్టంలో ఇంకో తమాషా ఉంది. డెవలప్‌మెంటల్ డిసెబిలిటీ అంటే ఏమిటో నిర్వచిస్తూ, 22 ఏళ్ళు నిండకముందే మొదలై, ఏడు రకాల జీవన వ్యవహారాల్లో కనీసం మూడింట్లో గట్టి పరిమితులు ఉండాలంటుంది. తన పనులు తాను చేసుకోవడం, భాష, నేర్చుకోవడం, కదలిక, స్వతంత్రంగా బతకడం, సంపాదన. వీటితోపాటు 'తన దారి తాను నిర్ణయించుకోవడం' కూడా ఆ ఏడింటిలో ఒకటి. అంటే ఒక చేత్తో, తన దారి తాను నిర్ణయించుకోలేకపోవడం ఈ మనుషుల లక్షణాల్లో ఒకటని రాసుకుంది. ఇంకో చేత్తో, వీళ్ళని తీసుకొచ్చి అందరి దారీ నిర్ణయించే కుర్చీలో కూర్చోబెట్టమంది. కోడ్‌లో ఇలాంటిది కనబడితే నేను బగ్ అని రాసి పంపించేస్తాను. ఇది బగ్గా, కాదా అన్నదే నా ప్రశ్న.

*

మాది తెనాలి. నాకొక తమ్ముడున్నాడు, వయసు ముప్ఫై ఒకటి. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడు దెబ్బతింది. నడుస్తాడు, తింటాడు, పది పదిహేను మాటలు అంటాడు. అందులో 'అమ్మ', 'అన్నయ్య', 'రైలు', 'వద్దు' స్పష్టంగా ఉంటాయి. సాయంత్రం స్టేషన్‌కి తీసుకెళ్ళి ఓవర్ బ్రిడ్జి మీద నిలబెడితే చెన్నై బళ్ళు చూస్తూ గంటలు గడిపేస్తాడు. నాన్న పోయి నాలుగేళ్ళయింది. అమ్మకి మోకాళ్ళు, షుగరు. ఫోన్ చేసిన ప్రతిసారీ చివర ఒకటే మాట: "నా తదనంతరం వాడికెవర్రా?"

మన దేశంలో ఇలాంటివాళ్ళకి 18 నిండాక కూడా చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించే దారి ఒకటుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాల్లో స్థానిక స్థాయి కమిటీలు ఉంటాయి. వాటిలో ముగ్గురు: కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి, ఒక నమోదైన సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు. ఆ ట్రస్టు పరిధిలోకి వచ్చేవి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు. మూడో సభ్యుడు మాత్రం, ఆ చట్టం రాసినప్పటి మాట ప్రకారం, 1995 నాటి వికలాంగుల చట్టం నిర్వచనంలోకి వచ్చేవారెవరైనా చాలు. కంటిచూపు లేనివారు కావచ్చు, కాలు లేనివారు కావచ్చు. ఆ 1995 జాబితాలో ఆటిజం పేరే లేదు. కంటిచూపు లేనివారికి ఆ కష్టం అర్థం కాదని నేననడం లేదు. ఎవరి గురించి నిర్ణయమో అలాంటివాళ్ళు అక్కడ ఉండితీరాలని ఆ చట్టానికి తట్టలేదంటున్నాను.

నేను దరఖాస్తు పెట్టాను. సెలవు పెట్టి వెళ్ళాను. ఒక కార్యాలయంలో పిలిచారు. ఎవరూ దురుసుగా మాట్లాడలేదు, లంచం అడగలేదు, కుర్చీలు వేశారు, మంచినీళ్ళిచ్చారు. తమ్ముడు నాకూ అమ్మకీ మధ్యలో కూర్చున్నాడు. అరగంటలో అడిగిన ప్రశ్నలన్నీ మా ఇద్దరినే. ఆస్తి ఏముంది, డాక్టర్ ఎవరు, విదేశంలో ఉండి ఎలా చూసుకుంటారు. మధ్యలో ఒకాయన వాడివైపు చూసి, నవ్వి, "బాబుకి మనం మాట్లాడేది తెలుస్తుందా?" అని నన్ను అడిగాడు.

"లేదండీ, వాడికేం అర్థం కాదు" అన్నాను.

వాడి భుజం నా భుజానికి తగులుతోంది అప్పుడు.

ఎందుకన్నాను? పని త్వరగా తెమలాలని. అర్థమవుతుందంటే ఏం అర్థమవుతుంది, ఎంత అర్థమవుతుంది అని ఇంకో పది ప్రశ్నలు వస్తాయని. మర్నాడు మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి ఫ్లైట్. అమ్మ ఏమీ అనలేదు. బయటికొచ్చాక వాడికి అరటిపండు ఒలిచిపెడుతూ, "అన్నీ అర్థమవుతాయి వాడికి" అంది, నాతో కాదు, పండుతో చెప్పినట్టు.

మన భాషలో ఒక మాటుంది: "నీకెవరిచ్చారు వకాల్తా?" వకాల్తానామా అన్నది ఎవరి తరఫున మాట్లాడుతున్నామో ఆ మనిషి సంతకం పెట్టి ఇచ్చేది. మా తమ్ముడు సంతకం పెట్టలేడు. కాబట్టి వాడి తరఫున మాట్లాడే ప్రతివాళ్ళం, అమ్మతో సహా, వకాల్తా లేకుండానే మాట్లాడుతున్నాం. మరి మాట్లాడకుండా ఉండొచ్చా అంటే అదీ కుదరదు. మేం నోరు మూసుకుంటే వాడికి మందులు ఎవరు తెస్తారు?

*

తత్త్వశాస్త్రం ఈ విషయంలో చాలాకాలం తప్పించుకు తిరిగింది. జాన్ రాల్స్ న్యాయసిద్ధాంతంలో ఒప్పందానికి కూర్చునేవాళ్ళు జీవితమంతా సమాజానికి పూర్తిగా సహకరించగల మనుషులు. అలా కానివాళ్ళ సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టాడు. ఈవా ఫెడర్ కిట్టే అనే తత్త్వవేత్త ఆ పక్కన పెట్టడాన్నే నిలదీసింది. ఆమె కూతురు శేషకి తీవ్రమైన మేధోవైకల్యం, మాటలు రావు. 1999లో వచ్చిన 'లవ్స్ లేబర్' పుస్తకంలో ఆమె వాదన, నాకర్థమైనంతలో, ఇది: మనలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక దశలో పూర్తిగా ఇంకొకరి మీద ఆధారపడి బతికినవాళ్ళమే. ఆధారపడటాన్ని మినహాయింపుగా చూసే న్యాయం ఎవరికీ న్యాయం కాదు.

కిట్టే మాట నేను ఒప్పుకుంటాను. కానీ ఆమె కూడా తల్లే. శేష తరఫున వాదిస్తున్నది శేష కాదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు కూడా. ప్రేమ ఉన్నంతమాత్రాన వకాల్తా వచ్చినట్టేనా?

ఇక్కడ ఒక హెచ్చరిక లాంటి చరిత్ర ఉంది. 1990 ప్రాంతంలో 'ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్' అనే పద్ధతి అమెరికాలో ఊపందుకుంది. మాటలు రాని ఆటిజం పిల్లల చెయ్యి పట్టుకుని సహాయకులు కీబోర్డు మీద టైపు చేయించేవాళ్ళు. ఉన్నట్టుండి పిల్లలు పద్యాలు రాశారు, అమ్మానాన్నలకి ప్రేమలేఖలు రాశారు. తర్వాత పరీక్షించి చూస్తే తేలిందేమిటంటే, పిల్లవాడికి ఒక బొమ్మా సహాయకుడికి వేరే బొమ్మా చూపించినప్పుడు, టైపయ్యేది సహాయకుడు చూసిన బొమ్మ పేరే. వాళ్ళు మోసగాళ్ళేమీ కాదు. తాము రాస్తున్నామని వాళ్ళకే తెలియదు. మా తమ్ముడి మనసులో మాట అంటూ నేను చెప్పే ప్రతిదాని వెనకా ఈ ప్రమాదం ఉంది.

ఇంకో అభ్యంతరం కూడా న్యాయమైందే. కౌన్సిల్లో కూర్చుని ఎర్ర కార్డు ఎత్తగలిగినవాడు, ఎత్తలేనివాడికి ఎలా ప్రతినిధి అవుతాడు? తీవ్రమైన ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కొందరు ఇదే అడుగుతున్నారు. బాగా మాట్లాడగలిగిన ఆటిస్టిక్ మనుషులు మా పిల్లల గురించి ఎలా చెప్తారని. నిజమే. మా తమ్ముడికీ ఆ బస్సు అడిగిన మనిషికీ చాలా దూరం ఉంది. కానీ మా తమ్ముడికీ నాకూ ఉన్న దూరం అంతకంటే ఎక్కువ. పైగా, వాడు ఎక్కడుండాలన్నదాంట్లో నాకు సొంత లాభం ఉంది. అతనికి లేదు.

అందుకే ఆ మూడు వంతుల లెక్క ఇప్పుడు నాకు వేరుగా కనబడుతోంది. మాట్లాడగలిగినవాడు లోపలి నుంచి చెప్తాడు, కానీ అందరి గురించీ చెప్పలేడు. తల్లి పక్క నుంచి చెప్తుంది, కానీ భయంతో చెప్తుంది. అధికారికి లెక్కలు తెలుసు, మనిషి తెలియడు. ముగ్గురూ సగం సగం సాక్షులే. ఒకరి సాక్ష్యంతో ఇంకొకరిది కొట్టేయడానికి లేకుండా చట్టం కుర్చీలు విడదీసింది. అది బగ్ కాదు. ఎవరి దగ్గరా పూర్తి వకాల్తా లేదని ఒప్పుకోవడం.

మరి ఎనిమిది నిమిషాల బస్సు సంగతేమిటి? ఇక్కడే నేను మొదట తప్పు ప్రశ్న అడిగాననిపిస్తోంది. అతన్ని కూర్చోబెట్టి ఏం ఒరిగిందన్నాను. అంటే ఆ కుర్చీకి అతను తెలివితోనో ఉపయోగంతోనో అద్దె కట్టాలని నా ఉద్దేశం. మిగతావాళ్ళెవర్నీ నేను ఆ అద్దె అడగలేదు. నేను కూర్చునే మీటింగుల్లో సంబంధం లేని ప్రశ్నలతో ఎనిమిదేసి నిమిషాలు తినేసే డైరెక్టర్లు ఉన్నారు. వాళ్ళు అక్కడెందుకున్నారని నేను ఏనాడూ అడగలేదు.

ఆ ఎర్ర కార్డు అతనికి మాట్లాడే శక్తినివ్వలేదు, ఆపే శక్తినిచ్చింది. ఆ రెంటికీ తేడా ఉంది. మాట్లాడటానికి భాష కావాలి. ఆపడానికి అంత అక్కర్లేదు. 'వద్దు' చాలు. మా తమ్ముడికి ఉన్న మాటల్లో అదొకటి.

మొదట్లో నేననుకున్నాను, అసలు సంగతి ఎదురుగా ఉండటమేనని. మనిషిని ఎదురుగా పెట్టుకుని మాట్లాడితే మాట మారుతుందని. కానీ ఆ కార్యాలయంలో వాడు ఎదురుగానే ఉన్నాడు. పెట్టె ఉన్నట్టు ఉన్నాడు. నాకేం మాట మారలేదు. ఉండటం ఒక్కటీ చాలదు. ఆ మనిషివైపు తిరిగి ఆగి తీరాల్సిన ఒక మెట్టు, అందరూ కలిసి రాసుకున్న పద్ధతిలో ఉండాలి. మంచితనానికి వదిలేస్తే, మర్నాడు ఫ్లైట్ ఉన్నవాడి మంచితనం ఎంతో నాకు తెలుసు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్‌లో, పరిమిత సంరక్షణ అంటే సంరక్షకుడూ ఆ మనిషీ కలిసి నిర్ణయం తీసుకోవడమనీ, అది ఆ మనిషి ఇష్టానికి అనుగుణంగా ఉండాలనీ రాశారు. మంచి మాట. ఆ 'కలిసి' అన్నది ఏ నిమిషంలో జరుగుతుంది, ఎవరు ఆగుతారు, ఎంతసేపు ఆగుతారు అన్నదే మిగిలిన పని.

*

ఆ ప్రయాణంలోనే ఇంకోటి జరిగింది. కార్యాలయం పని కంటే రెండు రోజుల ముందు హైదరాబాద్ శివారులో ఒక నివాసం చూసొచ్చాం. శుభ్రంగా ఉంది, తోట ఉంది, మనుషులు మంచివాళ్ళు. వాణ్ణి కూడా తీసుకెళ్ళాం. ఇంటికొచ్చాక, ఒక నెల ఉంచి చూద్దామని వాడి బట్టలు చిన్న బ్యాగులో సర్దాను. పొద్దున్నే లేచి చూస్తే బట్టలన్నీ బీరువాలో ఉన్నాయి, ఉండలుగా కుక్కి. అమ్మ సర్దిందేమో అనుకుని మళ్ళీ బ్యాగులో పెట్టాను. స్నానం చేసొచ్చేసరికి మళ్ళీ బీరువాలో. మూడోసారి పెడుతుంటే వాడొచ్చి పక్కన నిలబడ్డాడు. నేను పెట్టేదాకా ఆగి, ఒక్కొక్కటే తీసి, లోపల పెట్టాడు. కోపంగా కాదు. నేను చేస్తున్న పని తప్పయితే సరిచేస్తున్నట్టు.

అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. "చెప్పేశాడుగా" అంది.

నేనప్పుడు అమ్మతో వాదించాను. అది అలవాటు, నిర్ణయం కాదన్నాను. బ్యాగు అంటే వాడికి తెలియదన్నాను. నాన్న ఆసుపత్రికి వెళ్ళేప్పుడు ఇదే బ్యాగు, అందుకని భయపడి ఉంటాడన్నాను. వీటిల్లో ఏదో ఒకటి నిజం కూడా కావచ్చు. వాడి చేతుల్లో నేను చదువుతున్నది వాడి మాటా, అమ్మ కోరికా, నా తప్పించుకునే తెలివా అని కచ్చితంగా తేల్చే పరీక్ష నా దగ్గర లేదు. అయినా మూడుసార్లు ఆపాడు. ఎర్ర కార్డు ఎత్తినవాడు కూడా మూడుసార్లే అడిగాడు. అక్కడ, "ఆయనకి అర్థమయ్యేలా చెప్పండి" అనడానికి ఒక అధ్యక్షురాలు ఉంది. మా ఇంట్లో ఆ పని చేయాల్సింది నేను. నేను ఫ్లైట్ ఎక్కేశాను.

వాడు ఇప్పటికి తెనాలిలోనే ఉన్నాడు. పక్కింటి పిన్నిగారి అబ్బాయికి నెలకింత ఇస్తే సాయంత్రాలు స్టేషన్‌కి తీసుకెళ్తున్నాడు. ఇది ఎన్నాళ్ళు నడుస్తుందో, అమ్మ మోకాళ్ళు ఎన్నాళ్ళు నడిపిస్తాయో చెప్పలేను. సంరక్షకుడిగా నా పేరుతో కాగితం వచ్చింది. సంక్రాంతికి వెళ్తున్నాను. ఆ కాగితం వాడి ముందు పెట్టి చదువుతాను. ఏం లాభమని అమ్మ అడగదు, నాకు తెలుసు. ఎనిమిది నిమిషాలు పట్టినా, ఎనభై పట్టినా, ఆ రోజు వేరే పని పెట్టుకోలేదు.